మారిషస్ దీవి ముచ్చట

ఆ తాటిమట్ట ఇంకోటి మంటలో వెయ్యి బాబూ. ధనుర్మాసం చలి ముసలి ఎముకల్ని వెతుక్కుని మరీ వస్తుంది. ఫోను జేబులో పెట్టీ. నా కథ అయ్యేలోపు దానికెలాగూ చార్జింగు అయిపోతుంది. నా కథలకి మొదలే గాని తుది ఉండదని మీ నాయనమ్మ పెళ్ళయిన మూడోనాడే కనిపెట్టీసింది. అయినా అరవై ఏళ్ళు విన్నాది. నువ్వు ఒక్క రాత్రి వినలేవేటి?

పొద్దున్న నీ పరీక్ష పుస్తకం తిరగేసేను. ఆఫ్రికా ఖండం కింద మారిషస్‌కి నాలుగే నాలుగు లైన్లు. పాలించినది బ్రిటిష్ వారు, స్వతంత్రం వచ్చినది 1968 మార్చి 12న, మొదటి ప్రధాని శివసాగర్ రామ్‌గులాం, రాజధాని పోర్ట్ లూయీ. నాలుగూ నిజమే. బట్టీ పట్టీ, మార్కులొస్తాయి. కానీ ఆ నాలుగు లైన్ల సందుల్లో మన పాత విశాఖపట్నం జిల్లా, గంజాం జిల్లా మనుషులు నిలబడి ఉన్నారు. వాళ్ళ ఊసు నీ పుస్తకానికి తెలీదు. నాకు కొంత తెలుసు. తెలిసినంత చెప్తాను, మధ్యలో ఆవులించకు.

ఆఫ్రికా దక్షిణ భాగం చూసుకుని తూర్పుకి రా. మడగాస్కర్ వస్తుంది. అదీ దాటు. సముద్రం మధ్యలో చుక్కంత దీవి, అదే మారిషస్. మన పాత విజయనగరం జిల్లాలో మూడో వంతు కూడా రాదు. అయినా ఆఫ్రికా దక్షిణాది దేశాల కూటమిలో దానికో కుర్చీ ఉంది.

మన చీపురుపల్లి ఎప్పుడూ ఇక్కడే ఉంది. విజయనగరం దాటాక రైలాగే ఈ స్టేషనూ ఇక్కడే, కనకమహాలక్ష్మి అమ్మవారూ ఇక్కడే. కానీ నేను పుట్టినప్పుడు మనది విశాఖపట్నం జిల్లా. 1950లో శ్రీకాకుళం జిల్లా అన్నారు. 1979లో కాదు కాదు, విజయనగరం జిల్లా అన్నారు. మా అమ్మ గడప దాటకుండానే మూడు జిల్లాల్లో కాపురం చేసింది. అర్జీ మీద పాత జిల్లా పేరు రాసీసి, గుమస్తా చేత చీవాట్లు తిని, మళ్ళీ రాయించుకోడానికి అణా ఇచ్చుకున్నవాళ్ళు ఎంతమందో!

ఆ దీవి జాతకమూ అంతే. కాకపోతే అక్కడ మారినవి జిల్లాలు కావు, దొరలు. ముందు డచ్చివాళ్ళు వచ్చారు. 1598లో దిగి తమ పాలకుడు మారిస్ పేరు పెట్టారు. ఎగరడం రాని డోడో పిట్ట ఉండీది అక్కడ, మనిషిని చూస్తే పారిపోవాలని తెలీని అమాయకపు పిట్ట. అది వాళ్ళ కాలంలోనే అంతరించిపోయింది. చెరుకు మొక్క మాత్రం తెచ్చి పాతారు. 1710లో దీవి వదిలీసి వెళ్ళిపోయారు. ఆ డచ్చివాళ్ళు మనకి కొత్తవాళ్ళు కాదు సుమా, భీమిలి వెళ్తే వాళ్ళ సమాధులు ఇప్పటికీ చూడొచ్చు. తరవాత 1715లో ఫ్రెంచివాళ్ళు వచ్చారు. మడగాస్కర్ నించీ, మొజాంబిక్ నించీ మనుషుల్ని బానిసలుగా పట్టుకొచ్చి చెరుకు పండించారు. 1810లో ఇంగ్లీషువాడు ఆ దీవిని లాక్కున్నాడు. కానీ తెలివైనవాడు, ఫ్రెంచివాళ్ళ తోటలు, భాష, చట్టం వాళ్ళకే ఉంచీసాడు. అంచేత జెండా ఇంగ్లీషువాడిది, చెరుకు తోట ఫ్రెంచివాడిది. ఒళ్ళు మాత్రం ఎప్పుడూ మరొకడిది.

1835లో అక్కడ బానిసత్వం రద్దయింది. నష్టపరిహారం ఇచ్చారు, 20 లక్షల పౌన్ల పైచిలుకు. ఎవరికనుకున్నావు? తరాలు తరాలు గొడ్డు చాకిరీ చేసినవాళ్ళకా? కాదు, వాళ్ళని కొనుక్కున్న యజమానులకి. నవ్వొస్తుందా? అప్పట్లో ఎవరికీ నవ్వు రాలేదు, అదే న్యాయం అనుకున్నారు. విడుదలైనవాళ్ళు చెరుకు తోట మొహం మళ్ళీ చూడమన్నారు. మరి చెరుకు ఎవడు కొడతాడు? అప్పుడు గుర్తొచ్చాడు మనవాడు.

మొదటి ఓడ కలకత్తా నించి వెళ్ళింది. పేరు అట్లాస్. 1834 నవంబరు 2న 36 మంది కూలీలతో పోర్ట్ లూయీలో దిగింది. అది మొదలు 20వ శతాబ్దం మొదటి పాదం దాకా నాలుగున్నర లక్షల మంది దాకా వెళ్ళారు. బీహారు వాళ్ళు ఎక్కువ. తమిళులు, మరాఠీలు, మనవాళ్ళు. 1839లో పెద్ద తుఫాను మన కోరంగి రేవుని ఊడ్చిపెట్టీసింది. ఇళ్ళూ లేవు, ఓడలూ లేవు. నాలుగేళ్ళకి, 1843లో, ఆ రేవు పేరే పెట్టుకున్న ‘కోరింగా ప్యాకెట్’ అనే ఓడ తెలుగు కూలీలని మారిషస్‌లో దింపింది. అంచేత అక్కడ మనవాళ్ళకి ‘కొరంగీలు’ అని పేరొచ్చింది. చీపురుపల్లి వాడైనా సరే, కోరంగి ఎక్కడుందో చూడనివాడైనా సరే, కొరంగీయే.

మన వైపు వలసంటే అందరికీ రంగమే గుర్తొస్తుంది. రంగం అంటే రంగూన్. రంగం పోయినవాడు టేకు పెట్టె, సిల్కు లుంగీ, నాలుగు బర్మా మాటలు వెంటబెట్టుకుని తిరిగొచ్చీవాడు. పెట్టె మూల పడీసినా మాటలు మాత్రం చచ్చేదాకా వాడీవాడు. మా వీధిలో ఒకాయన రైలు టిక్కెట్టు కూడా బర్మా భాషలో అడిగీవాడు, స్టేషను మాస్టరు భయపడతాడని. రంగం కథ మొదలెడితే తెల్లారిపోతుంది. అది వేరే రాత్రికి ఉంచుదాం.

మారిషస్ పోయినవాడు మాత్రం తిరిగి రాలేదు. అదే తేడా.

ఎందుకు పోయారంటావు? పండగ చేసుకోడానికి పోతారేటి? ఇటు పక్క ఊళ్ళన్నీ జమీందారీ ఊళ్ళు. శిస్తు జమీందారుకి, చాకిరీ బుగతకి, మిగిలిన తాలు మనకి. బుగత కింద కంబారికి ఏడాది జీతం ధాన్యంలోనే కొలిచీవారు. రూపాయి మొహం అమ్మవారి జాతరకే చూసీవాడు, అదీ ఇంకొకడి చేతిలో. పొద్దున్న చోడి అంబలి, రాత్రికి గంటి సంకటి, వరన్నం పండక్కే. ఆ పైన కరువులు. 1866లో గంజాం కరువు. మళ్ళీ పదేళ్ళకి ధాత కరువు. అప్పుడు చింతగింజలు ఉడకబెట్టుకుని తిన్నారని మా తాత చెప్పీవాడు.

మా ముత్తాత తమ్ముడొకడు ఆ మొదటి కరువులోనే ఇంట్లోంచి పోయాడట. దీవులకి పోయాడని ఒకరు, విశాఖపట్నం రేవులో చూశామని ఇంకొకరు. సంక్రాంతికి పెద్దల పండగ నాడు బట్టలు పెట్టేటప్పుడు మా తాత ఒక పంచె వేరేగా పెట్టీవాడు. ‘చచ్చాడో బతికున్నాడో తెలీకుండా పెద్దల్లో కలిపీసావేటి?’ అని మా నాయనమ్మ ఏటా అడిగీది. ‘బతికుంటే వచ్చి తగువాడతాడులే’ అనీవాడు తాత. తరవాత ఆ పంచె ఆయనే కట్టుకునీవాడు. అందులో ఆప్యాయత ఎంతో, పంచె మీద ఆశ ఎంతో నేను తేల్చలేను.

కూలీల్ని పట్టే మేస్త్రీలు ఊరూరా తిరిగీవారు. పొద్దు కూకాక ఇలాగే మంట దగ్గర కూర్చుని కథలు చెప్పీవారు. ఆ దీవిలో రాళ్ళు తిరగేస్తే కింద బంగారం ఉంటుందని చెప్పీవారట. దూరపు కొండలు నునుపు, మరి సముద్రానికి అవతలి కొండలైతే చెప్పాలా? మగాళ్ళు నోళ్ళు తెరుచుకుని వినీవారు, ఆడవాళ్ళు అడ్డచుట్ట కాలుస్తూ వినీవారు. నీకు అడ్డచుట్ట అంటే తెలుసా? నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని కాల్చడం. మా నాయనమ్మ నోట్లో నిప్పు పెట్టుకునే నాకు రామాయణమంతా చెప్పింది, ఒక్క మాట తడబడలేదు, ఒక్కనాడు నాలిక కాలలేదు. ఇప్పుడు డాక్టర్లు అది పెద్ద రోగాలు తెస్తుందంటున్నారు, నిజమే. అప్పుడు అణాకి కట్టెడు చుట్టలు వచ్చీవి. ఇంతకీ ఎక్కడున్నాం? ఆ, మేస్త్రీ దగ్గరున్నాం.

మేస్త్రీ ఒక కాయితం చూపించీవాడు. అయిదేళ్ళు పని, నెలకి 5 రూపాయలు, బియ్యం, పప్పు, ఉప్పు, నూనె వాళ్ళే ఇస్తారు. 5 రూపాయలంటే నవ్వకు. 1960లో బడిపంతులుగా నా మొదటి జీతం 90 రూపాయలు, దాంతో ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళ అప్పు తీర్చాను. అంతకి వందేళ్ళ ముందర 5 రూపాయలు, అదీ నెల నెలా, అదీ చేతికి! కాయితం మీద ఏటుందో చదవగలిగినవాడు ఊళ్ళో కరణం ఒక్కడే. ఆయన ఎవరి పక్షమో నీకు చెప్పక్కర్లేదు. మనవాడు వేలిముద్ర వేసీసాడు. నెలో, నెలన్నరో సముద్రం మీద. పోర్ట్ లూయీ రేవులో రాతి మెట్లెక్కి డిపోలో నిలబడ్డాడు. ఆ డిపో ఇప్పటికీ ఉంది, ఆప్రవాసీ ఘాట్ అంటారు. 2006లో యునెస్కో వాళ్ళు దాన్ని ప్రపంచ వారసత్వపు జాబితాలో పెట్టారు.

రాళ్ళు మాత్రం నిజంగానే ఉన్నాయి బాబూ. చేనంతా నల్లరాళ్ళే. వాటిని తిరగేసి, ఏరి, కుప్పలు వేస్తే గాని చెరుకు నాటడానికి లేదు. ఆ కుప్పలు ఈనాటికీ తోటల మధ్య గుట్టల్లా కనిపిస్తాయి. బంగారం కూడా దొరికింది, కాకపోతే తోట యజమానికి.

అక్కడి రూలు ఒకటి విను. ఒక రోజు నాగా పెడితే రెండు రోజుల జీతం కోత. జ్వరం వచ్చినా నాగాయే. దాన్ని రెట్టింపు కోత అనీవారు. అది 20వ శతాబ్దం వచ్చాక గాని పోలేదు. అయిదేళ్ళ కాయితం తీరిపోయినవాడు కూడా ఫోటో అంటించిన పాసు జేబులో లేకుండా రోడ్డెక్కితే దేశదిమ్మరి కింద పట్టుకునీవారు. 1871లో అడోల్ఫ్ ద ప్లెవిట్జ్ అని ఒక తెల్లవాడే ఈ అన్యాయం చూడలేక, 9,401 మంది భారతీయుల పేర్లతో గవర్నరుకి అర్జీ పెట్టించాడు. తోటల దొరలు ఆయన మీద చెయ్యి చేసుకున్నారు కూడా. దాంతో లండన్ నించి కమిషన్ వచ్చింది. కమిషన్లు చేసే పనే చేసింది, లావుపాటి రిపోర్టు రాసింది. పాపం కొన్ని రూళ్ళు మారాయి కూడా. అన్నిటికీ నిందించకూడదు.

ఆ ఫోటోలూ, ఊరూ, జిల్లా, తండ్రి పేరూ రాసుకున్న రిజిస్టర్లూ ఈనాటికీ అక్కడ మోకా అనే ఊళ్ళో మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. మనం మన పెళ్ళి శుభలేఖలే దాచుకోలేకపోయాం.

1901లో గాంధీగారు డర్బన్ నించి బొంబాయి వస్తూ ఆ దీవిలో ఆగారు. అప్పటికాయన మహాత్ముడు కాదు, కోటూ తలపాగా వేసుకున్న వకీలు. మూడు వారాల దాకా ఉన్నారు. పిల్లల్ని చదివించుకోండి, రాజకీయాల్లోకి రండి అని రెండు మాటలు చెప్పి ఓడెక్కారు. ఊరికే చెప్పి ఊరుకోలేదు. 1907లో మణిలాల్ డాక్టర్ అనే వకీలుని పంపించారు. పేరులో డాక్టరున్నా ఆయన రోగాలు చూసే డాక్టరు కాదు, కంగారు పడకు. కోర్టులో భారతీయుడు చెప్పులతో, తలపాగాతో నిలబడకూడదన్న పద్ధతి మీద ఆయన పోరాడాడు. చెప్పులకి కూడా పోరాటమేటి అనుకుంటున్నావు కదూ? నా చిన్నప్పుడు బుగత గారి వీధిలో నడిచేటప్పుడు మా నాన్న చెప్పులు విప్పి చంకలో పెట్టుకునీవాడు. తలకి చుట్టుకున్న తువ్వాలు నడుముకి దిగీది. వీధి దాటగానే రెండూ ఎక్కడివక్కడికి వచ్చీవి. ఎండాకాలం ఆ వీధి ఎంత పొడుగుండీదో ఆయన అరికాళ్ళకే తెలుసు. అంచేత మణిలాల్ గారు చేసినది చిన్న పోరాటమని నేననను.

ఇక 1936లో అక్కడ లేబర్ పార్టీ పుట్టింది. పెట్టినవాడు మారిస్ క్యూరే, క్రియోల్ డాక్టరు. క్రియోల్ అంటే ఆ బానిసల సంతతి, మిశ్రమ సంతతివాళ్ళు. కూలీ రేట్లు, సంఘాలు, సమ్మెలు మొదలయ్యాయి. 1943 సెప్టెంబరు 27న బెల్ వ్యూ అరెల్ అనే తోటలో కూలీల మీద పోలీసులు కాల్పులు జరిపారు. నలుగురు పోయారు. అందులో అంజలై కూపెన్ అనే ఆమె నిండు చూలాలు. ఇప్పుడు అక్కడి పెద్ద స్టేడియానికి ఆమె పేరే.

ఇదెందుకు చెప్తున్నానంటే, దానికి మూడేళ్ళ ముందే, 1940 ఏప్రిల్ 1న, మన పక్కనే మందస జమీందారీలో గుడారి రాజమణిపురంలో అదే జరిగింది. అడవిలో కట్టెలు కొట్టుకున్న రైతుల్ని పట్టుకుపోతుంటే గున్నమ్మ అడ్డం నిలబడింది. పోలీసుల తూటాలకి మరికొందరితో పాటు పడిపోయింది. వీరగున్నమ్మ అని మనం ఇప్పటికీ తలుచుకుంటాం. ఈ గున్నమ్మకి ఆ అంజలై తెలీదు, ఆ అంజలైకి ఈ గున్నమ్మ తెలీదు. ఇద్దరికీ ఎదురు నిలబడిన సర్కారు మాత్రం ఒక్కటే.

ఇంక అసలు సంగతికి వచ్చాం. మంట ఎగదొయ్యి. నన్నడిగితే మారిషస్‌కి స్వతంత్రం వచ్చినది 1968లో కాదు, 1948లో. నీ పరీక్షలో అలా రాయకు, సున్నా వేస్తారు. కానీ విను.

అప్పటిదాకా అక్కడ ఓటు ఆస్తి ఉన్నవాడిదే. లక్షల మంది ఉన్న దీవిలో ఓటర్లు 12,000 కూడా లేరు. రెండో యుద్ధం అయ్యాక కొత్త రాజ్యాంగం ఇచ్చారు. 21 ఏళ్ళు నిండినవాళ్ళు, మగైనా ఆడైనా, తేలిక మాటలు చదవగలిగి, రాయగలిగి, సంతకం పెట్టగలిగితే ఓటు ఇస్తామన్నారు. ఏ భాషలో? ఇంగ్లీషు, ఫ్రెంచి, హిందుస్తానీ, తమిళం, ఉర్దూ, గుజరాతీ, చైనీస్, క్రియోల్, ఇంకా తెలుగు! మన అ ఆ ఇ ఈలు, పలక మీద ఉమ్మేసి తుడిచే అక్షరాలు, సముద్రానికి అవతల ఓటు అయికూర్చున్నాయి.

దొరల లెక్క ఏటంటే, చెరుకు కొట్టే చెయ్యి కలం పట్టలేదు కదా అని. ఆ లెక్క తప్పింది. బాసుదేవ్ బిసున్‌దయాళ్ అనే పండితుడు, ఆయన వెనక కుర్రాళ్ళు, రాత్రుళ్ళు లాంతర్లు పెట్టి కూలీలకి అక్షరాలు నేర్పించారు. పొద్దల్లా చెరుకు కొట్టి వచ్చిన ముసలివాళ్ళు పలక పట్టుకుని కూర్చున్నారు. మనవాళ్ళకైతే రామభజనం అప్పటికే ఉండీది. మధ్యన దీపపు సెమ్మె పెట్టి చుట్టూ తిరుగుతూ రాత్రంతా పాడడం. తెలుగు నిలబడినది ఆ దీపం చుట్టూనే. మాట్లాడడం పోయినా పాడడం పోలేదు.

పెద్దవాడికి సంతకం నేర్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. వయోజనుల రాత్రిబడి నడిపాను గదా. పిల్లాడైతే తప్పు రాసి నవ్వుతాడు, పెద్దవాడు తప్పు రాస్తే లేచి వెళ్ళిపోతాడు. ఒక కాపు నా దగ్గర మూడు నెలలు కుస్తీ పట్టి తన పేరు రాయడం నేర్చుకున్నాడు. నేర్చుకున్న మర్నాడు సావుకారు దగ్గరికి వెళ్ళి ఠీవిగా సంతకం పెట్టి 200 రూపాయలు అప్పు తెచ్చాడు. అవసరమా అంటే, ఏమీ లేదు. ‘పెట్టడం వచ్చు గదా పంతులుగారూ, ఎక్కడో చోట పెట్టాలి గదా’ అన్నాడు. ఏటి చెప్తాం?

మారిషస్ వాళ్ళు తమ సంతకం మంచి చోటే పెట్టారు. ఓటర్లు 70,000 దాటారు. 1948 ఆగస్టు ఎన్నికల్లో 19 మందిని ఎన్నుకుంటే 11 మంది భారతీయ సంతతివాళ్ళు. ఫ్రెంచి తోటల దొర ఒక్కడే గెలిచాడు. వేలిముద్ర వేయించుకుని పట్టుకెళ్ళిన మనుషుల మనవలు సంతకంతో శాసనసభలోకి నడిచారు. ఆ రోజునే కుర్చీ కదిలింది. పడడానికి ఇరవై ఏళ్ళు పట్టింది గాని.

మనకి 1947లో స్వతంత్రం వచ్చినప్పుడు నాకు ఏడేళ్ళు. బడిలో చేతికో కాయితం జెండా, ఇద్దరికి కలిపి ఒక బిస్కెట్టు ఇచ్చారు. దాన్ని సగం చెయ్యడంలో నాకూ నా పక్కవాడికీ యుద్ధం అయింది. జమీందారీలు పోవడానికి 1948 చట్టం రావాల్సొచ్చింది, వీధిలో చెప్పులు కాలికి రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

అక్కడ ఆ తరవాత కథ రామ్‌గులాం గారిది. చెరుకు తోటల పల్లెటూరివాడు, 1900లో పుట్టాడు, లండన్ వెళ్ళి డాక్టరై వచ్చాడు. నాడి పట్టుకోవడం బాగా తెలుసు. ఎవరితోనూ గట్టిగా తగువు పెట్టుకోడు, ఎవరినీ పూర్తిగా నమ్మడు. మన ఊళ్ళల్లో తగువులు తీర్చే పెద్దమనిషి పద్ధతి. 1959కి అందరికీ ఓటు వచ్చింది. 1967 ఆగస్టు 7న ఎన్నికలు పెట్టారు. ప్రశ్న ఒక్కటే, స్వతంత్రం కావాలా, వద్దా?

వద్దు అన్నవాళ్ళు ఎంతమందనుకున్నావు? నూటికి నలభై మందికి పైనే! ఆశ్చర్యపోకు. గయెటాన్ దువాల్ అని ఒక లాయరు ఉండీవాడు, అందగాడు, మాటకారి. తెల్లవాడు పోతే సంఖ్యలో ఎక్కువున్న హిందువులు మనల్ని తొక్కీస్తారని క్రియోల్ వాళ్ళకి, ఇంకా కొందరికి భయం. ఇంగ్లండు పక్కనే ఉండిపోదాం అన్నాడు దువాల్. ఆ భయాన్ని ఎగతాళి చెయ్యకూడదు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటాం గదా, మరి వడ్డించేవాడు మనవాడు కాడేమో అనుకున్నవాడి సంగతి ఏటి? చివరికి 70 సీట్లలో స్వతంత్రం పక్షానికి 43 వచ్చాయి. 1968 జనవరిలో పోర్ట్ లూయీలో మతాల వాళ్ళ మధ్య గొడవలు రేగి, ఇంగ్లీషు సైన్యాన్ని సింగపూరు నించి రప్పించుకోవాల్సొచ్చింది. స్వతంత్రానికి రెండు నెలల ముందర! పండగకి రావలసిన రాకుమారి అలెగ్జాండ్రా ప్రయాణం మానుకుంది.

1968 మార్చి 12. గాంధీగారు దండికి బయల్దేరిన రోజది, 1930లో. అందుకే రామ్‌గులాం ఆ తారీఖు కోరుకున్నాడంటారు. షాన్ ద మార్స్ అనే గుర్రప్పందేల మైదానంలో ఇంగ్లీషు జెండా దింపి ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ జెండా ఎగరేశారు. చివరి గవర్నరు రెన్నీగారే కొత్త దేశానికి గవర్నర్ జనరలు. ఇల్లు మారలేదు, బోర్డు మారింది. ఇక్కడ మన పంచాయతీ రేడియోలో ఆ కబురు వచ్చినప్పుడు అరుగు మీద నలుగురున్నారు. ముగ్గురికి వేరుశనగ ధర కావాలి. నాలుగోవాణ్ణి నేను, నాకూ అంతకు మించి పట్టలేదు. 

స్వతంత్రం వద్దన్న దువాల్ ఏమయ్యాడో తెలుసా? రెండేళ్ళు తిరక్కుండానే, 1969లో, అదే స్వతంత్ర దేశానికి విదేశాంగ మంత్రి అయ్యాడు. ఏ ఎండకా గొడుగు అని తిట్టినవాళ్ళూ ఉన్నారు. నాకు మాత్రం అది రామ్‌గులాం వైద్యం అనిపిస్తుంది. కత్తి పెట్టకుండా పుండు మాన్పించీసాడు.

ఒక్క చోట మాత్రం ఆ డాక్టరుగారు కూడా మోసపోయారు. 1965లో లండన్‌లో లాంకాస్టర్ హౌస్ అనే భవనంలో బేరం జరిగింది. మీకు స్వతంత్రం ఇస్తాం గాని చాగోస్ దీవులు మాకు విడిచిపెట్టండి, 30 లక్షల పౌన్లు ఇస్తాం అన్నారు. ఇల్లు నీకు రాసిచ్చి నుయ్యి నేనుంచుకుంటానన్నట్టు. ఒప్పుకున్నారు, ఒప్పుకోక చేసీదేముంది? అందులో డీగో గార్సియా దీవిని అమెరికా వాడి సైనిక స్థావరానికి ఇచ్చి, అక్కడి మనుషుల్ని 1973కల్లా ఖాళీ చేయించీసారు. ఆ తగువు అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్ళింది. 2019లో ఆ కోర్టు మారిషస్ వైపే మాట చెప్పింది. 2025 మే నెలలో దీవులు తిరిగి ఇస్తామని ఇంగ్లండు ఒప్పందం మీద సంతకం పెట్టింది. స్థావరం మాత్రం 99 ఏళ్ళు అద్దెకట. నుయ్యి నీదే, చేద మాత్రం మా దగ్గరే ఉంటుంది.

జాతిపిత అని పిలుచుకున్న రామ్‌గులాంని 1982లో ఆ జనమే ఓడించారు. పార్టీనే కాదు, ఆయన సీటు కూడా పోయింది. మారిషస్ దీవిలోని 60 సీట్లూ అవతలి పక్షానికే. ఒక్క తూటా పేలలేదు. తరవాత ఏడాదిన్నరకి ఆయన్నే గవర్నర్ జనరల్ చేసి కూర్చోబెట్టారు. ఇప్పుడు ఆయన కొడుకు నవీన్ ప్రధాని. 1992లో దేశం రిపబ్లిక్ అయింది, అదీ మార్చి 12నే.

మనవాళ్ళేమయ్యారంటావా? ఉన్నారు. ఉగాది ఆ దేశంలో సర్కారీ సెలవు. చైనా వాడి దుకాణం మూసి ఉంటే ఏటి సంగతి అంటే మన ఉగాది. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో అక్కడే జరిగాయి. మన సింహాచలం సింహాద్రి అప్పన్న అక్కడా ఉన్నాడు, ఏటేటా పూజలందుకుంటాడు. అమ్మోరి పండగా ఉంది. నతాషా అప్పనా అని ఒకామె ఫ్రెంచి భాషలో పేరున్న నవలలు రాస్తుంది. ఫ్రెంచివాళ్ళు ఆ పేరు ఎలా పలుకుతారో గాని, మన వీధిలోకి వచ్చి అప్పన్నా అని పిలువు, నలుగురు తిరిగి చూస్తారు. డబ్బు ఇప్పటికీ రూపాయే.

నిద్దరొస్తోందా? ఒక్క మాట, అయిపోయింది. స్వతంత్రానికి ముందు, 1960ల మొదట్లో, జేమ్స్ మీడ్ అని కేంబ్రిడ్జి నించి ఒక పెద్ద ఆర్థికవేత్త వచ్చి దీవంతా తిరిగి లెక్కలు కట్టాడు. చెరుకు తప్ప పంట లేదు, జనం పుట్టలు పుట్టలుగా పెరుగుతున్నారు, ఇన్ని జాతులు ఒక్క చోట పొసగవు, ఈ దేశానికి సుఖంగా బాగుపడే యోగం లేదని తేల్చాడు. లెక్కలు సరిగ్గానే ఉన్నాయేమో గాని, జోస్యం తప్పింది. అక్కడివాళ్ళు చెరుకుతో పాటు చొక్కాలు కుట్టారు, సముద్రం ఒడ్డున హోటళ్ళు కట్టారు, తిట్టుకుంటూనే ఓట్లేసుకున్నారు. ఇప్పుడు తలసరి ఆదాయంలో ఆఫ్రికాలో ముందు వరసలో ఉన్నారు. 1977లో మీడ్ గారికి నోబెల్ బహుమతి ఇచ్చారు. ఈ జోస్యానికి కాదులే, వేరే దానికి.